రెండు మోడల్స్, రెండూ 40% అంటున్నాయి. కలిపితే ఎంత? మెషిన్ తనే కలపగలదా?

సందేహి | సోమవారం, రాత్రి 9:14

అందరికీ నమస్కారం. చాన్నాళ్ళుగా ఇక్కడ చదవడమే తప్ప ఎప్పుడూ రాయలేదు. ఒక చిక్కు వచ్చి పడింది, అందుకే రాస్తున్నా.

మా దగ్గర పెద్ద మోటార్ పంపులు ఉన్నాయి. బేరింగ్ ఎప్పుడు మార్చాలన్నది రోజూ ఉండే గొడవే. దీనికోసం రెండు టీమ్‌లు ఎవరికి వారు రెండు మోడల్స్ కట్టారు. మొదటిది వైబ్రేషన్ చూస్తుంది. అలారం మోగితే "ఈ బేరింగ్ పోయే అవకాశం 40%" అంటుంది. రెండోది ఉష్ణోగ్రత చూస్తుంది. దాని అలారం మోగినా 40% అనే అంటుంది. మొన్న ఒకే పంపు మీద రెండూ ఒకేసారి మోగాయి. ఇప్పుడు ఎంతనుకోవాలి?

ముందే ఆపి బేరింగ్ మారిస్తే 6 గంటల పని పోతుంది. నడుస్తుండగా పోతే 12 గంటలు పోతుంది. కాబట్టి అవకాశం 50% దాటితే ఆపడం మేలు, దాటకపోతే నడపడం మేలు. 40 అయితే నడపాలి, 60 అయితే ఆపాలి. అందుకే ఈ సంఖ్య ఎంతో తేలాలి.

స్పేర్ల స్టాక్ చూసే మూడో మోడల్ కూడా ఒకటుంది. "ఇవన్నీ ఒక సాఫ్ట్‌వేర్‌లో వేస్తే అదే కలిపి, ఆపాలో వద్దో చెప్పాలి, మనుషులు మధ్యలో దూరకూడదు" అని పైవాళ్ళ పట్టు. ఇలాంటిది నిజంగా ఉందా?


గుణకం | 9:31

ఇందులో చిక్కేముంది? మామూలు రోజుల్లో, ఏ అలారం లేనప్పుడు, బేరింగ్ పాడై ఉండే అవకాశం ఎంతో చెప్పండి. అది తెలిస్తే రెండు నిమిషాల పని.


సందేహి | 9:34

10% అని రెండు టీమ్‌లూ రాసుకున్నాయి. పాడైన బేరింగ్ మీద అలారం 100కి 60 సార్లు మోగుతుంది, మంచి బేరింగ్ మీద 100కి 10 సార్లు. రెండు అలారాలకీ ఇవే లెక్కలు.


గుణకం | 9:40

అంతే! అలారం బలం 60/10, అంటే 6 రెట్లు. మొదట ఆడ్స్ (పాడైనవి ఎన్నికి మంచివి ఎన్ని అన్న నిష్పత్తి) 1కి 9. ఒక అలారంతో 6కి 9, అదే మీ 40%. రెండో అలారంతో ఇంకో 6 రెట్లు, 36కి 9. అంటే 45లో 36, 80%. ఆపెయ్యండి పంపు.


మీట | 9:52

కంగారు పడకండి. ఇద్దరు నిపుణులు ఒకే మాట అన్నప్పుడు సగటు తీస్తారు. 40, 40 సగటు 40. నడపండి.


కొత్తచిగురు | 10:05

నేను రెండు ప్రాబబిలిటీలూ గుణించి, మొత్తం 100 అయ్యేలా సరిచేశాను. 0.4 × 0.4 = 0.16. అటువైపు 0.6 × 0.6 = 0.36. 0.16ని 0.52తో భాగిస్తే 31% వచ్చింది. రెండు అలారాలు మోగాక తగ్గిందేంటి? ఎక్కడ తప్పు చేశానో చెప్పరా ఎవరైనా?


బోల్టు | 10:20

80, 40, 31. బాగుంది. ఇంకో గంట ఆగితే ఇంకో మూడు వస్తాయి. నేను ఇరవై ఏళ్ళుగా పంపుల మధ్య ఉన్నా. చెవి పెట్టి వింటే తెలుస్తుంది. కావాలంటే ఎక్సెల్‌లో ఒక పేజీ చాలు. మోడల్స్ కలిపే మోడల్ అంటూ ఇంకో మెట్టు ఎందుకు?


పాతకలం | సోమవారం, రాత్రి 11:48

బోల్టు గారు అడిగింది న్యాయమైన ప్రశ్నే. కానీ ముందు కొత్తచిగురుకి జవాబు. అమ్మా, ఆ రెండు 40ల్లోనూ ఆ మొదటి 10% ఇప్పటికే కలిసి ఉంది. రెండూ గుణించావు కాబట్టి "బేరింగ్‌లు మామూలుగా బాగానే ఉంటాయి" అన్న మాటను రెండుసార్లు లెక్కేశావు. ఒకసారి తీసెయ్యి, గుణకం చెప్పిన 80 వచ్చేస్తుంది. చేసి చూడు.

మీట గారి సగటు వేరే సందర్భానిది. ఇద్దరూ ఒకే సమాచారం చూసి వేర్వేరు అభిప్రాయాలు చెబితే సగటు తీయడంలో అర్థముంది. ఇక్కడ ఇద్దరూ చూసింది వేర్వేరు.

ఈ తంటా కొత్తది కాదు. 1970లలో స్టాన్‌ఫర్డ్‌లో మైసిన్ అని రక్తంలో ఇన్ఫెక్షన్లు గుర్తించి మందు సూచించే ప్రోగ్రామ్ కట్టారు. అంతా "ఇలా ఉంటే అలా" అనే నియమాలే, ఒక్కో నియమానికీ ఒక నమ్మకం సంఖ్య. రెండు నియమాలు ఒకే మాట చెబితే మొదటి సంఖ్యకి, మిగిలిన ఖాళీలో రెండోదాని వంతు కలిపేవారు. అందులో మీ 40, 40 వేస్తే 40 + (60లో 40 శాతం), అంటే 64. తీసుకోండి, బోల్టు గారు అడిగిన నాలుగో సంఖ్య! (వాళ్ళ సంఖ్యలు ప్రాబబిలిటీలు కావు, అది వేరే సంగతి.) ఆ సూత్రం చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. ఏ నియమాన్నైనా తెచ్చి పక్కన పెట్టొచ్చు, దేన్నైనా తీసెయ్యొచ్చు, మిగతావాటిని కదిలించక్కర్లేదు. ఆ సుఖం వెనక ఎంత గట్టి స్వతంత్రత (నియమాలకి ఒకదానితో ఒకటి సంబంధం లేదన్న ఊహ) దాగి ఉందో 1986లో హెకర్‌మన్ లెక్కకట్టి చూపించాడు. ఆ తర్వాతే చాలామంది బేయస్ నెట్‌వర్క్‌ల వైపు తిరిగారు, అంటే దేని మీద ఏది ఆధారపడుతుందో గీసి, ప్రాబబిలిటీలు అతికించిన బొమ్మలు. వాటి మీద జూడియా పెర్ల్ పుస్తకం 1988లో వచ్చింది.

ఇక అసలు ప్రశ్న. మెషిన్ తనే ముక్కలు కలిపి మోడల్ కట్టగలదా? కట్టగలదు, ముప్పై ఏళ్ళకు పైగా కడుతోంది. ఎలాగో రేపు రాస్తా, కళ్ళు మూతలు పడుతున్నాయి.


లోలకం | మంగళవారం, ఉదయం 7:10

రాత్రంతా సాగిన చర్చలో ఒక్కరూ అడగని ప్రశ్న ఒకటుంది. ఆ రోజు పంపు మీద లోడ్ ఎంత?

లోడ్ పెరిగితే మంచి బేరింగ్ కూడా వేడెక్కుతుంది, మంచి బేరింగ్ కూడా అదురుతుంది. అంటే మంచి పంపు మీద వచ్చే దొంగ అలారాలు రెండూ ఒకే గూట్లోంచి వస్తున్నాయి. గుణకం గారి లెక్క ప్రకారం మంచి పంపు మీద రెండూ కలిసి మోగడం 0.1 × 0.1, అంటే 100కి 1 సారి. నిజానికి లోడ్ ఎక్కినప్పుడల్లా రెండూ జతగా మోగుతుంటే అది 100కి 8 సార్లు ఉండొచ్చు. పాడైన పంపు మీద రెండూ మోగేది 36 సార్లు. 36/8 = 4.5 రెట్లు. 4.5కి 9, అంటే 33%.

చూశారా? ఒక్క అలారం మోగితే 40, రెండూ మోగితే 33. రెండోది మోగడం వల్ల "ఓహో, ఇది లోడ్ గొడవ" అని అనుమానం బేరింగ్ మీంచి పక్కకి జరిగింది.


వడపోత | 7:55

లోలకం, ఆలోచన సరే కానీ సగమే చేశారు. లోడ్ మంచి పంపుల మీదే పనిచేసి, పాడైన పంపుల దగ్గర ఊరుకుంటుందా? అక్కడా రెండు అలారాలూ జతపడతాయి. 36 బదులు 50 అనుకుంటే 50/8 = 6.25 రెట్లు, 41%. రెండో అలారం దాదాపు ఏమీ చెప్పలేదన్నమాట.

ఇంకో మాట. 8, 50 అన్నవి మనం ఊహించినవి. ఏ ఊహా లేకుండా, ఉన్న సంఖ్యలతోనే ఎంతవరకు చెప్పగలం అని ఒక లీనియర్ ప్రోగ్రామ్ (షరతుల లోపల కనిష్ఠం, గరిష్ఠం వెతికే లెక్క) రాశాను. నిజానికి ఇది కాగితం మీదే తేలుతుంది. మంచి పంపు మీద రెండూ మోగేది 0 నుంచి 10% మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. పాడైన పంపు మీద 20 నుంచి 60 మధ్య (60, 60 కలిపితే 120, కాబట్టి 100 దాటిన 20 సార్లు రెండూ కలిసి మోగాల్సిందే). వీటి చివర్లు తీసుకుంటే జవాబు 18% నుంచి 100% దాకా వస్తుంది.

ఆ ఖాళీని నింపేది ఊహలే. 80 అన్నవాడు ఒక ఊహతో నింపాడు, 41 అన్నవాడు ఇంకోదానితో. ఆటోమేటెడ్ రీజనింగ్ (మెషిన్ తనే తర్కించి తేల్చడం) నుంచి నేను మొదట కోరేది "ఇంతకు మించి మీకు తెలియదు" అని మొహం మీద చెప్పడమే. అది ఇప్పటికిప్పుడు చేసి పెట్టే సాల్వర్లు ఉన్నాయి. మైక్రోసాఫ్ట్ రీసెర్చ్ వాళ్ళ జెడ్‌3 ఉచితంగా దొరుకుతుంది. షరతులన్నీ ఇచ్చి "ఇవన్నీ ఒకేసారి నిజం కాగలవా?" అని అడగొచ్చు. కాలేవంటే ఏవేవి ఒకదానితో ఒకటి పొసగడం లేదో కూడా చూపిస్తుంది.


మీట | 8:30

సగటుకి కూడా ఇలాంటి లోపం ఉందా? నా పని అంతా సగటుల మీదే నడుస్తుంది, టెన్షన్ వచ్చేసింది.


వడపోత | 8:41

ఉంది. ఒక మోడల్ రెండు ఘటనలకూ చెరో 20% ఇచ్చి, ఒకదానితో ఒకటి సంబంధం లేదంది అనుకోండి. రెండూ జరిగేది 4%. రెండో మోడల్ చెరో 80% ఇచ్చి, అదీ సంబంధం లేదంది. రెండూ జరిగేది 64%. సగటు తీయండి. చెరో 50%, రెండూ కలిసి 34%. సంబంధం లేకపోతే 25 రావాలి కదా? ఇద్దరూ ఒప్పుకున్న ఒకే ఒక్క విషయాన్ని సగటు చెరిపేసింది.

దీనివల్ల సగటు పనికిరాదని కాదు. ఫోర్‌కాస్ట్‌లు కలపడంలో బేట్స్, గ్రాంజర్‌ల 1969 నాటి పేపర్ నుంచి ఇప్పటిదాకా అది బాగానే నిలబడింది. సంఖ్యలకి సగటు తీయండి, మోడల్‌కి తీయకండి. నేను పాటించేది అంతే.


పాతకలం | మంగళవారం, మధ్యాహ్నం 1:20

రాత్రి అప్పు తీర్చేస్తా.

మోడల్‌ని మొత్తంగా దాచిపెట్టుకోరు. ముక్కలుగా, పంపు పేరు లేకుండా దాచుకుంటారు. ఉదాహరణకి: "ఏ పంపుకైనా బేరింగ్ ఉంటే, దాని స్థితీ లోడూ కలిసి వైబ్రేషన్‌ని నిర్ణయిస్తాయి, ఇదిగో పట్టిక." "ఏ పంపునైనా ముందే ఆపితే ఇన్ని గంటలు పోతాయి." ఇలాంటివి వందో, వెయ్యో ఉంటాయి. "ఏడో నంబర్ పంపుని ఈరోజు ఆపాలా?" అని అడగ్గానే రీజనర్ (ఈ తర్కం నడిపే ప్రోగ్రామ్) ప్రశ్న దగ్గర మొదలుపెట్టి వెనక్కి నడుస్తుంది. ఆపాలో లేదో తేలాలంటే పోయే గంటలు కావాలి. గంటలు తెలియాలంటే బేరింగ్ స్థితి కావాలి. స్థితి గురించి చెప్పేవి రెండు అలారాలు. ఆ రెండింటికీ లోడ్‌తో సంబంధం ఉంది. ఇక ఆగు. ఇలా అవసరమైన ముక్కలు మాత్రమే తెచ్చి ఒక చిన్న ఇన్‌ఫ్లుయెన్స్ డయాగ్రమ్ కడుతుంది, అంటే నిర్ణయాలు కూడా ఉన్న బేయస్ నెట్‌వర్క్ బొమ్మ. నిర్ణయానికి చతురస్రం, మన చేతిలో లేనిదానికి గుండ్రం, లాభనష్టాలకి మరో గుర్తు. ఈ బొమ్మలకి రూపమిచ్చింది హవర్డ్, మాథెసన్. బొమ్మని అలాగే ఉంచి నేరుగా జవాబు రాబట్టే పద్ధతిని 1986లో షాక్టర్ ఇచ్చాడు. ముక్కల్లోంచి ప్రశ్నకు తగ్గ మోడల్ కట్టడం మీద బ్రీస్, వెల్‌మన్, గోల్డ్‌మన్ 1992లో రాశారు.

చిన్నదే ఎందుకు కట్టాలి, అన్నీ ఒకేసారి కలిపెయ్యొచ్చు కదా? బేయస్ నెట్‌వర్క్‌లో కచ్చితమైన జవాబు తీయడం ఎన్‌పీ-హార్డ్ అని, అంటే అన్ని సందర్భాల్లోనూ వేగంగా చేసే పద్ధతి ఎవరికీ తెలియని రకం లెక్క అని, 1990లో కూపర్ రుజువు చేశాడు. వెయ్యి ముక్కలు పేర్చుకుంటూ పోతే లెక్క తెల్లారినా తేలకపోవచ్చు. ఏది వదిలెయ్యాలో తెలియడమే ఇక్కడ తెలివి.

లోలకం చెప్పిన లోడ్ ఈ పద్ధతిలో దానంతటదే బయటపడుతుంది చూడండి. రెండు అలారాల ముక్కల్లోనూ "లోడ్" అన్న పేరు ఉంటే, రీజనర్ రెండింటినీ ఒకే గుండ్రానికి తగిలిస్తుంది. ఇద్దరు సాక్షులూ ఒకే మనిషి నోట విన్నారన్నది అక్కడే తెలిసిపోతుంది.


బోల్టు | 1:45

"పేరు ఉంటే" అన్నారు చూశారా, అక్కడే ఉంది కిటుకంతా. ఒక టీమ్ దాన్ని లోడ్ అంటుంది. ఇంకోటి కరెంట్ అంటుంది, ఆంపియర్లలో. మీ రీజనర్‌కి ఆ రెండూ ఒకటేనని ఎవరు చెబుతారు? ఎద్దు ఈనిందంటే దూడని గాటన కట్టెయ్యమన్నట్టు, ఇచ్చింది ఇచ్చినట్టు కట్టేస్తుంది.


పాతకలం | 2:02

ఒప్పుకుంటున్నా. ఎవరో ఒకరు చెప్పాల్సిందే. మీలాంటివారు.


లోలకం | 2:15

బోల్టన్నా, మనుషులు చేస్తే మాత్రం? 1999లో నాసా వారి మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ నౌక ఏమైంది? థ్రస్టర్ల తోపుని ఒక ప్రోగ్రామ్ పౌండ్-సెకన్లలో ఇచ్చింది, రెండో ప్రోగ్రామ్ దాన్ని న్యూటన్-సెకన్లుగా చదువుకుంది. తేడా 4.45 రెట్లు. నెలల తరబడి ఎవరూ పట్టుకోలేదు, నౌక అంగారకుడి దగ్గరే పోయింది. రెండు సంఖ్యలకీ పక్కన యూనిట్ అతికించి ఉంటే అతి మామూలు టైప్ చెకింగ్ (రకాలు కలుస్తున్నాయా అని ప్రోగ్రామ్ తనే చూసుకోవడం) దాన్ని ఆపేది.


సందేహి | మంగళవారం, రాత్రి 10:26

మీ అందరికీ ఒక సంగతి చెప్పాలి. కాస్త సిగ్గుగానే ఉంది.

లోలకం గారి యూనిట్ల మాట చదివాక రెండు టీమ్‌ల దగ్గరికీ వెళ్ళి "మీ 40% అంటే సరిగ్గా ఏమిటి?" అని అడిగాను. వైబ్రేషన్ వాళ్ళు "వచ్చే 30 రోజుల్లో" అన్నారు. ఉష్ణోగ్రత వాళ్ళు "వచ్చే 1000 రన్నింగ్ అవర్స్‌లో" అన్నారు. మా పంపులు రోజుకి 12 గంటలే నడుస్తాయి. 1000 గంటలంటే 83 రోజులు!

అంతటితో ఆగలేదు. వైబ్రేషన్ వాళ్ళకి "పోవడం" అంటే పంపు ఆగిపోవడం. ఉష్ణోగ్రత వాళ్ళకి మెయింటెనెన్స్ పుస్తకంలో "బేరింగ్ మార్చాం" అని ఎంట్రీ పడడం. ముందుజాగ్రత్తగా మార్చినవి కూడా అందులోనే ఉన్నాయి.

నిన్నటి నుంచి మనం కొట్టుకుంటున్న రెండు 40లు ఒకదాని పక్కన ఒకటి పెట్టాల్సినవే కావు.


గుణకం | 10:33

😐 80% వెనక్కి తీసుకుంటున్నా.


వడపోత | 10:58

మొదటి సగం సరిచేయడం తేలికే. 30 రోజులంటే మీకు 360 గంటలు. పోయే వేగం ఎప్పుడూ ఒకేలా ఉంటుందనుకుంటే, 1000 గంటలు బతికే అవకాశం 0.6, దాన్ని 0.36 ఘాతానికి ఎత్తితే 0.83. అంటే 30 రోజుల్లో పోయేది 17%. మీ 40 కాస్తా 17 అయింది.

కానీ బేరింగ్ పోయే వేగం ఒకేలా ఉండదు, అరుగుతున్నకొద్దీ పెరుగుతుంది. అరుగుదలని లెక్కలోకి తీసుకునే వైబుల్ సూత్రంలో ఆకార సంఖ్య (వయసుతో పోయే వేగం ఎలా మారుతుందో చెప్పేది) 2 అనుకుంటే, కొత్త బేరింగ్‌కి మొదటి 360 గంటల్లో 6% మాత్రమే. అరిగిన బేరింగ్ అయితే ఇప్పటికే ఎన్ని గంటలు నడిచిందో తెలిస్తే తప్ప చెప్పలేం. కాబట్టి "1000 గంటలకి 40%" అన్న ముక్కను "30 రోజులకి" అన్న ముక్కతో కలపాలంటే మధ్యలో ఇంకో ముక్క కావాలి: ఎలా అరుగుతుంది, వయసెంత. అది లేనప్పుడు మంచి రీజనర్ "కలపలేను" అనాలి. మొండిగా కలిపి 17 అనో 6 అనో చెప్పకూడదు.

రెండో సగం, "పోవడం" అంటే ఏమిటన్నది, లెక్కలతో సరికాదు. పాత ఎంట్రీలు ఒక్కొక్కటీ చదవాలి.


పాతకలం | మంగళవారం, రాత్రి 11:30

డెసిషన్ అనాలిసిస్ (నిర్ణయాలని లెక్కకట్టి తేల్చే శాస్త్రం) చేసేవాళ్ళు దీనికి ఒక పరీక్ష పెట్టుకున్నారు. అన్నీ తెలిసిన త్రికాలజ్ఞుడు ఒకడున్నాడు అనుకో. తెలివితేటలు ఉపయోగించడు, అడిగిందానికి ఉన్నదున్నట్టు చెబుతాడు. "బేరింగ్ పోతుందా?" అని అడిగితే వాడు తిరిగి "పోవడం అంటే?" అని అడక్కుండా జవాబు చెప్పగలగాలి. చెప్పలేడంటే నీ వేరియబుల్ (లెక్కలో విలువ కట్టాల్సిన రాశి) ఇంకా వేరియబుల్ కాలేదు. నువ్వు ఏ సూత్రంతో కలిపావన్నది ఆ తర్వాతి మాట.

నిన్న నేను కూడా మైసిన్ కథ చెబుతూ కూర్చున్నానే కానీ ఇది అడగలేదు. ఇది మొదటి రోజు విద్యార్థికి నేర్పే ప్రశ్న. చెంపలేసుకుంటున్నా.

సంఖ్యతో పాటు దాని షరతులు కూడా ప్రయాణించాలి. అదే నా పాయింట్. 1986లో డి క్లియర్ అనే ఆయన కట్టిన ఏటీఎమ్‌ఎస్ అనే పద్ధతి ఉంది. అందులో తేలిన ప్రతి మాటకీ అది ఏ ఊహల మీద నిలబడిందో ఒక చీటీ అంటి ఉంటుంది. రెండు మాటలు కలిపితే చీటీలూ కలుస్తాయి. ఆ కలిసిన చీటీలో ఒకదానికొకటి పడని ఊహలుంటే ఆ ఫలితాన్ని పక్కన పెట్టేస్తుంది. 1991లో ఫాల్కెన్‌హైనర్, ఫోర్బస్ దాదాపు ఇదే ఆలోచనతో యంత్రాల మోడల్స్‌ని ముక్కల్లోంచి కట్టించారు. మీ 40% పక్కన "30 రోజులు, పంపు ఆగిపోవడం, మామూలు లోడ్" అని, రెండో 40% పక్కన "1000 గంటలు, పుస్తకంలో ఎంట్రీ" అని ఉంటే, ఈ థ్రెడ్ రెండో పోస్ట్ దగ్గరే అయిపోయేది.


బోల్టు | బుధవారం, ఉదయం 6:40

చీటీల ఆలోచన నచ్చింది. మా దగ్గర యంత్రాలకి ట్యాగ్ కడతాం, ఎవరు, ఎప్పుడు, ఏం చేశారని. సంఖ్యలకి కట్టరెందుకో ఎప్పుడూ అర్థం కాలేదు.

ఇంకొకటి. స్టాక్ మోడల్ గురించి అందరూ మర్చిపోయారు. స్పేర్ ఉందా అసలు? లేకపోతే "ఆపి మార్చు" అన్నది కాగితం మీదే. మీ 50% గీత కూడా పోయినట్టే. స్పేర్ లేకుండా నడుస్తుండగా పోతే 12 గంటలు కాదు, వచ్చేదాకా కూర్చోవాల్సిందే.


సందేహి | 8:12

చూశాను. లేదు. ఆర్డర్ పెట్టాం.


లోలకం | 8:50

బోల్టన్న చెప్పింది ఇంత సింపుల్‌గా కనిపిస్తుంది కానీ మోడల్స్ కలపడంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే. ప్రాబబిలిటీలు కలిపితే సంఖ్య మారుతుంది. స్టాక్ మోడల్ కలిపితే నిర్ణయాల జాబితానే మారిపోయింది. "ఈరోజు మార్చు" పోయింది. "స్పేర్ వచ్చేదాకా లోడ్ తగ్గించి నడుపు" అన్నది కొత్తగా వచ్చింది. ఇది ప్రాబబిలిటీ పని కాదు, మామూలు లాజిక్ పని. మార్చడానికి స్పేర్ కావాలి, స్పేర్ లేదు, కాబట్టి ఆ దారి మూసుకుంది. అందుకే లాజిక్, ప్రాబబిలిటీ రెండూ ఒకే చోట ఉండాలంటారు.

కానీ ఒక గుంట ఉంది, చూసి నడవండి. లోడ్ తగ్గిస్తే అలారాల పట్టికలు పాతవి పనికిరావు. "మంచి పంపు మీద 100కి 10 సార్లు" అన్నది మామూలు లోడ్ మీద లెక్కపెట్టింది. లోడ్ దానంతటది తగ్గడం చూడడం వేరు, మనం చేత్తో తగ్గించడం వేరు అని పెర్ల్ ఎప్పటినుంచో మొత్తుకుంటున్నాడు. లోడ్ గుండ్రం నిన్న మన చేతిలో లేనిది. ఈరోజు అదే చతురస్రమైంది.


కొత్తచిగురు | 9:15

ఇదంతా ఒక ఏఐ చాట్‌బాట్‌కి ఇస్తే డయాగ్రమ్, పట్టికలు అన్నీ తనే రాసిచ్చింది. చూడ్డానికి చాలా బాగుంది. వాడొచ్చా?


వడపోత | 9:28

"పోవడం" అంటే ఏమిటని మిమ్మల్ని అడిగిందా?


కొత్తచిగురు | 9:31

లేదు 🙈 రెండు 40లూ తీసుకుని నేరుగా 80 చెప్పింది.


వడపోత | 9:40

ముసాయిదాకి వాడండి, మనకి తట్టని ముక్కలు అది గుర్తుచేస్తుంది. కానీ అది రాసినదాన్ని సాల్వర్‌కి ఇచ్చి పొంతన చూడండి. యూనిట్లు, కాలం, షరతులు వేరుగా రాసి ఇవ్వండి. రాసినవాడే దిద్దుకుంటే దిద్దినట్టు కాదు.


సందేహి | గురువారం, సాయంత్రం 5:50

ఇప్పటిదాకా చేసింది ఇది. ప్రతి సంఖ్యకీ ఐదు గళ్ళ చీటీ పెట్టాం: ఏ ఘటన, ఎంత కాలంలో, ఏ లోడ్ మీద, ఏ రికార్డుల్లోంచి, ఎవరు లెక్కేశారు. రీజనర్‌లో ప్రస్తుతానికి ఒకటే నియమం: మొదటి మూడు గళ్ళూ కలవకపోతే కలపొద్దు. ఉన్న 23 ముక్కల్లో 9 మాత్రమే ఒకదానితో ఒకటి కలిసే స్థితిలో ఉన్నాయి. పైవాళ్ళు మొహాలు చూసుకున్నారు.

పంపు సంగతి: నిన్న మధ్యాహ్నం లోడ్ బాగా తగ్గించాం. రెండు గంటల్లో ఉష్ణోగ్రత అలారం ఆగిపోయింది. వైబ్రేషన్ మాత్రం ఆగలేదు, ఇంకా మోగుతూనే ఉంది.


లోలకం | 6:05

అయితే వైబ్రేషన్‌కి ఇక లోడ్ సాకు లేదు. మంచి పంపు మీద మోగే 10 సార్లలో 8 లోడ్ వల్లే అనుకున్నాం కదా, మిగిలేవి 2. తక్కువ లోడ్‌లో పాడైన బేరింగ్ కూడా కాస్త తక్కువే మోగుతుందనుకుని 60 బదులు 40 వేసినా, 40/2 = 20 రెట్లు. 20కి 9, 69%. చీటీలో రాసుకోండి: ఆ 2, ఆ 40, రెండూ మన ఊహలే. ఆ 10% కూడా ఏ కాలానికో ఇంకా తేలలేదు.


బోల్టు | 6:11

నేనొచ్చి చెవి పెట్టి వింటా, చీటీలో అదీ రాసుకోండి. స్పేర్ ఎప్పుడొస్తుంది?


సందేహి | 6:14

రేపు పొద్దున్న అన్నారు.